కూలింగ్ టవర్ నీళ్లలో విషం ఏదో పట్టుకుని తగ్గించడం ఎలా?

జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో కూలింగ్ టవర్ బ్లోడౌన్‌ని, అంటే ఉప్పులు పేరుకోకుండా టవర్ నుంచి బయటికి వదిలే నీటిని, చాలామంది మంచి నీళ్ల కిందే లెక్కేస్తారు. రంగుండదు, వాసన రాదు, సీఓడీ (సేంద్రియ కాలుష్యాన్ని చెప్పే కొలత) కూడా తక్కువే. కానీ నాచు చావడానికి పోసిన బయోసైడ్, తుప్పు పట్టకుండా వేసిన జింకు, కండెన్సర్ ట్యూబుల నుంచి కరిగొచ్చిన రాగి, ఆవిరి పోగా మిగిలిన ఉప్పులు అన్నీ అందులోనే ఉంటాయి. జీడిమెట్లలో వాన నీటి కాలువలోకి వదిలింది కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్‌కే చేరుతుంది.

చేపలు బతకడం లేదని రిపోర్టు రాగానే ట్రీట్‌మెంట్ ప్లాంటుకు కొటేషన్లు తెప్పించకండి. ఏ పదార్థం చంపుతోందో ముందు తేల్చుకోండి. చాలాసార్లు మార్పు డోసింగ్ పంపు దగ్గర చేస్తే సరిపోతుంది.

ముందు మందుల డ్రమ్ములు చూడండి. లేబుల్ మీది బ్రాండు పేరుతో పని జరగదు. సప్లయర్‌ని అడిగి సేఫ్టీ డేటా షీట్ తెప్పించుకోండి. ఏ మందు ఏ రోజు, ఎన్ని గంటలకు వేస్తున్నారో, బ్లోడౌన్ వాల్వు ఎప్పుడు తెరుస్తున్నారో ఒకే కాగితం మీద రాయండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

శాంపిల్. వేరే నీళ్లు కలవకముందే, మందు వేయడానికి ముందు ఒకటి, వేశాక ఒకటి తీయండి. గాజు సీసా గాలి లేకుండా నింపి ఐస్‌పెట్టెలో పంపండి, 36 గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. క్లోరిన్ మాత్రం ల్యాబ్ దాకా నిలవదు, టవర్ పక్కనే డీపీడీ పొడితో (క్లోరిన్ ఉంటే నీటిని గులాబీ రంగుకి మార్చేది) చూడాలి. గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైతే క్లోరిన్ లేదని రాసేయకండి. మరీ ఎక్కువున్నా రంగు వెలిసిపోతుంది. నీటిని పలచన చేసి మళ్లీ చూడండి.

బతికే జీవులతో పరీక్ష. మన నిబంధనల్లోని బయో అస్సే ప్రకారం పలచన చేయని నీటిలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలి. కారణం వెతకడానికి డాఫ్నియా అనే నీటి పురుగు మేలు, 48 గంటల్లో తేలిపోతుంది. శాంపిల్‌ని 100, 50, 25, 12.5 శాతం పాళ్లలో పలచన చేసి పెట్టించండి. టవర్‌కి పోసే బోరు నీటికి కూడా పక్కనే ఇదే పరీక్ష పెట్టించండి. ఇక్కడి బోర్లు కొన్ని ఉప్పన, ఆ ఉప్పు టవర్లో అయిదారింతలవుతుంది.

అసలు పని ఇప్పుడు మొదలు. అదే శాంపిల్‌ని భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక్కో చికిత్స చేసి, మళ్లీ డాఫ్నియా వదలాలి. క్లోరిన్‌ని విరిచేసే థయోసల్ఫేట్ కలిపాక పురుగులు బతికితే అనుమానం క్లోరిన్, బ్రోమిన్ మీద. లోహాలను పట్టేసే ఈడీటీఏతో బతికితే రాగి, జింకు లాంటి లోహాల మీద. సేంద్రియ పదార్థాలను పట్టుకునే సీ18 కాలమ్ గుండా పంపాక బతికితే సేంద్రియ బయోసైడ్ మీద. ఏం చేసినా చస్తూనే ఉంటే ఉప్పులను చూడాలి. ఒక జాగ్రత్త: థయోసల్ఫేట్ రాగిని కూడా కొంత పట్టేస్తుంది. అందుకే డీపీడీ రీడింగు లేకుండా క్లోరినేనని తేల్చేయకూడదు. అనుమానించిన పదార్థాన్ని శుభ్రమైన నీటిలో అంతే మోతాదులో కలిపితే అలాగే చస్తున్నాయా అన్నదీ చూడండి.

తగ్గించడం. క్లోరిన్ అయితే డోసు వేశాక అది తగ్గేదాకా బ్లోడౌన్ వాల్వు మూసి ఉంచండి. దీనికి పైసా ఖర్చు లేదు. చాలకపోతే క్లోరిన్‌ని విరిచే బైసల్ఫైట్ వాడండి, ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కి సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఎక్కువైతే నీటిలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. సేంద్రియ బయోసైడ్లయిన ఐసోథయజోలినోన్, గ్లూటరాల్డిహైడ్ కూడా బైసల్ఫైట్‌కి లొంగుతాయి. రాగి అయితే క్లోరిన్ అతిగా వేసి ట్యూబుల్ని మీరే కరిగిస్తున్నారేమో చూడండి. రాగి తుప్పును ఆపే అజోల్ డోసు సరిచేయండి. జింకైతే జింకు లేని మందుల ప్రోగ్రాం ఇమ్మని సప్లయర్‌ని గట్టిగా అడగండి. ఉప్పులే కారణమైతే సైకిల్స్ (టవర్లో ఉప్పు ఎన్నింతలు చిక్కబడుతుందన్న లెక్క) తగ్గించడం ఒక దారి, కానీ బ్లోడౌన్ పెరుగుతుంది. బోరు నీటిని ముందే మెత్తబరిస్తే కాఠిన్యం పోతుంది తప్ప మొత్తం ఉప్పు తగ్గదు, దానికి ఆర్వో కావాలి.

థర్మల్ కేంద్రాల బ్లోడౌన్‌కి పెట్టిన పరిమితి లీటరుకు 0.5 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్. డాఫ్నియా అంతకంటే చాలా తక్కువకే చస్తుంది. అందుకే మార్పు చేశాక అంకెలు చూసి ఆగకుండా, డోసు వేసిన రోజునే శాంపిల్ తీసి మళ్లీ పురుగులతో పరీక్ష పెట్టించండి. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానాకాలంలో.