గ్యారేజీ ఫ్లోర్‌కి సొంతంగా ఎపాక్సీ వేస్తున్నారా? షట్టర్ మాత్రం మూయకండి

పోయిన వారం నా ఫ్రెండ్ హాస్పిటల్ బెడ్ మీద నుంచి ఫోన్ చేశాడు. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా కాలాయి, ఎడమ చెయ్యి కూడా. సెలవు రోజు కదా, గ్యారేజీ ఫ్లోర్‌కి ఎపాక్సీ కోటింగ్ (రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడే పూత) మనమే వేసుకుందాం అని మొదలుపెట్టాడు. కడగడం, ఆరబెట్టడం, పాత నూనె మరకలు వదలగొట్టడం అన్నీ పద్ధతిగానే చేశాడు. ఆఖర్న ప్రైమర్ (కోటింగ్ కింద వేసే మొదటి పూత) వేసే ముందు ఫ్లోరంతా థిన్నర్ గుడ్డతో తుడుస్తుంటే బయట గాలి లేచింది, దుమ్ము లోపలికి వచ్చేస్తోందని షట్టర్ కిందకి లాగేశాడు. మూలన గ్యాస్ గీజర్ ఉంది, అందులో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట ఉంటుంది కదా, అదే పట్టుకుంది. నేల మీద నుంచే భగ్గుమని లేచిందంట, షట్టర్ ఎత్తుకుని బయటపడేసరికి కాళ్లు అయిపోయాయి.

గ్లోవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, డబ్బా మీద రాసింది చదవండి, ఇవన్నీ నేను చెప్పను. మీకు తెలుసు, అతనికీ తెలుసు. గ్లోవ్స్ వేసుకునే ఉన్నాడు. అతను చేసిన అసలు తప్పు షట్టర్ మూయడం. ఇదే తప్పు నేను ఇంతకు ముందు కూడా చూశాను, ఒకతను మంట లేకుండానే లోపల కళ్లు తిరిగి పడిపోయాడు, వాళ్లావిడ టీ ఇద్దామని వచ్చి చూసింది కాబట్టి బతికాడు.

ఎందుకు మూస్తారో నాకు అర్థమవుతుంది. రెండ్రోజులు ఒళ్లు హూనం చేసుకుని ఫ్లోర్ రెడీ చేస్తాం, తడి కోటింగ్ గంటల తరబడి జిగురుగా ఉంటుంది, ఒక్క గాలి దుమారం వస్తే అద్దంలా రావాల్సింది గరుకు కాగితంలా వస్తుంది, పురుగులు వచ్చి అతుక్కుంటాయి. చెయ్యి దానంతటదే షట్టర్ మీదకి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. దుమ్ము పడితే ఏమవుతుంది, మర్నాడు ఇసుక కాగితం పట్టి ఇంకో కోటు వేస్తారు, అంతే.

ఇక్కడ ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. థిన్నర్లలో ఉండే జైలీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు, ఎసిటోన్ ఆవిరి రెండు రెట్లు. పైకి పోదు, నీళ్లలాగా నేల వెంబడి పారి మూలల్లో, గుంటల్లో, గీజర్ కింద, ఫ్రిజ్ కింద నిలబడిపోతుంది. పైన వెంటిలేటర్ ఉంది కదా అంటారు, ఆవిరి ఉండేది కింద, వెంటిలేటర్ ఉండేది తలపైన, దానివల్ల మీకు ఒరిగేది చాలా తక్కువ. జైలీన్ గాలిలో 1 శాతం కలిసినా నిప్పు తగిలితే అంటుకుంటుంది. వాసన ఘాటుగా లేదు కాబట్టి పర్లేదు అనుకోవద్దు, పది నిమిషాలు లోపల ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది.

"నాది వాటర్ బేస్డ్, సాల్వెంట్ (థిన్నర్ లాంటి ద్రవం) లేదు" అనేవాళ్లు ఉంటారు. మంచిదే, ఇంట్లో వేసుకునేవాళ్లకి నేనూ అదే చెప్తాను. కానీ ఫ్లోర్ తుడవడానికి వాడేది ఏంటి? థిన్నరే కదా. నా ఫ్రెండ్‌ది అయితే కోటింగ్ డబ్బా ఇంకా తెరవనేలేదు. కాబట్టి ఏ రకం అయినా సరే, షట్టర్ మూయకండి.

మరి దుమ్ము సంగతేంటి అంటారా. ముందు రోజే గ్యారేజీ బయట వాకిలంతా ఊడ్చి పెట్టుకోండి, పని రోజు పొద్దున దానిమీద నీళ్లు చల్లండి, లోపలికి పారకుండా. గోడలూ, సీలింగూ, ఫ్యాన్ రెక్కలూ కూడా వ్యాక్యూమ్ పట్టండి, తడి ఫ్లోర్ మీద పడే చెత్త పైనుంచి కూడా వస్తుంది. గుమ్మానికి అడ్డంగా దోమల మెష్ కట్టుకోండి, గాలి ఆడుతుంది, పురుగులు రావు. టేబుల్ ఫ్యాన్ పెడితే స్వచ్ఛమైన గాలి ఉన్న వైపు, అంటే వెనక కిటికీ బయట పెట్టి లోపలికి ఊదేలా పెట్టండి. లోపలి ఆవిరిని లాగి బయటికి పంపేలా మామూలు ఫ్యాన్ పెట్టకండి, ఆ ఆవిరి మొత్తం మోటార్ గుండానే పోతుంది, మోటార్‌లో నిప్పురవ్వ పుడితే చాలు. వెనక గోడ దగ్గర మొదలుపెట్టి షట్టర్ వైపుకి వేసుకుంటూ రండి, దారి ఎప్పుడూ మీ వెనకే ఉండాలి. ఇంట్లోకి వెళ్లే తలుపు ఉంటే అది మాత్రం మూసి కింద సందులో తడిగుడ్డ కూరండి, లేకపోతే ఆవిరి వంటింట్లోకి పోతుంది, అక్కడ స్టవ్ ఉంటుంది.

రాత్రి దొంగల భయం ఉంటే షట్టర్ కింద ఇటుకలు పెట్టి అడుగు ఎత్తులో ఆపి చైన్‌తో తాళం వేసుకోండి. ఆ అడుగు సందు కిందే ఉండాలి, ఆవిరి పోయేది అటే. పూర్తిగా మూయకండి.

నిప్పు, కరెంటు విషయం. డబ్బా మూత తీయకముందే గీజర్ గ్యాస్ వాల్వ్ కట్టేయండి, మంట ఆరిందో లేదో కళ్లతో చూడండి. ఫ్రిజ్, బ్యాటరీ చార్జర్, నీళ్ల మోటార్, ఆ గదిలో తనంతట తాను ఆన్ అయ్యేది ఏదున్నా ముందే ప్లగ్ తీసేయండి. ముందే అన్నాను గమనించండి, వాసన నిండాక వెళ్లి స్విచ్ ఆపినా ఆ స్విచ్‌లోనే నిప్పురవ్వ వస్తుంది. ఫోన్ బయట పెట్టండి. పగటి వెలుతురులో చేసుకోండి.

మాస్క్ గురించి ఒక్కమాట, ఎందుకంటే అందరూ తప్పు మాస్క్ పెట్టుకుంటున్నారు. ఎన్95 దుమ్ముని ఆపుతుంది, ఆవిరిని ఆపదు, థిన్నర్‌కి అది గుడ్డతో సమానం. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (థిన్నర్ లాంటి వాటి ఆవిరిని పీల్చుకునే డబ్బీ) ఉన్న సగం ముఖం మాస్క్ కావాలి, గడ్డం ఉంటే అంచు దగ్గర సీల్ పడదు, గీసుకోండి. ఆ మాస్క్ ఉంది కదా అని షట్టర్ మూసినా లాభం లేదు, మాస్క్ మీ ఊపిరిని కాపాడుతుంది, మంటని ఆపదు.

ఇక ఫ్లోర్ రెడీ చేయడం. గ్రైండర్ పడితే కాంక్రీట్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు, దానివల్ల వచ్చే సిలికోసిస్ జబ్బుకి మందు లేదు. హెపా ఫిల్టర్ (చాలా సన్నని దుమ్ముని కూడా పట్టేది) ఉన్న వ్యాక్యూమ్ తగిలించకుండా గ్రైండర్ ఆన్ చేయకండి, ఇక్కడ ఎన్95 కనీసం. యాసిడ్‌తో కడిగేవాళ్లు నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి, చిమ్మి మొహం మీద పడుతుంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ తేకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తర్వాత బేకింగ్ సోడా నీళ్లతో విరిచి బాగా కడగండి.

కడిగాక పైకి ఆరినట్టు కనపడితే ఆరినట్టు కాదు, కాంక్రీట్ స్పాంజి లాంటిది. కొత్త కాంక్రీట్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పాతదైతే 45 సెంటీమీటర్ల చదరం ప్లాస్టిక్ షీట్ నాలుగు వైపులా టేప్ వేసి కనీసం 16 గంటలు వదలండి, నేనైతే ఒక రోజంతా వదులుతాను. తీసి చూస్తే కింద చెమ్మ పట్టినా, కాంక్రీట్ రంగు ముదిరినా కోటింగ్ వేయకండి, పొరలు పొరలుగా లేస్తుంది. అదిగో ఇక్కడే మళ్లీ అదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. త్వరగా ఆరాలని గ్యాస్ హీటరో, కిరోసిన్ హీటరో లోపల పెట్టి వేడి పోకుండా షట్టర్ మూసేస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, తలనొప్పి, కళ్లు తిరగడం, నిద్ర వస్తున్నట్టు ఉండడం, అంతే. పెట్రోల్‌తో నడిచే ప్రెషర్ వాషర్, జనరేటర్ అయితే షట్టర్ తెరిచి ఉన్నా సరే లోపల నడపకండి. ఆరకపోతే ఇంకో వారం ఆగండి.

మిగతావి వరసగా చెప్పేస్తున్నా.

రెసిన్ (ఎపాక్సీలో అసలు జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది) కొలత చూసి కలపండి, కంటితో అంచనా వేయకండి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ జిగురుగానే ఉంటుంది.

కలిపిన బకెట్ అలాగే పెట్టి ఫోన్ మాట్లాడకండి. బకెట్‌లో కుప్పగా ఉంటే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే ఫ్లోర్ మీద పారబోసుకుని లాగండి. పొగ మొదలైతే బకెట్ బయట పెట్టి దూరం జరగండి, మొహం పెట్టి చూడకండి.

ఒక్కసారికి సరిపడా మాత్రమే కలపండి.

చర్మానికి అంటితే సబ్బు, నీళ్లు. థిన్నర్‌తో తుడవకండి, థిన్నర్ దాన్ని ఇంకా లోపలికి దించుతుంది. ఎపాక్సీ అలర్జీ ఒక్కసారి పట్టుకుంటే జీవితాంతం పోదు, అది పట్టుకుని పని మానేసిన పెయింటర్ నాకు తెలుసు.

గ్లోవ్స్ అయితే నైట్రైల్‌వి (ఒక రకం సింథటిక్ రబ్బరు). అంటుకోగానే మార్చండి.

కళ్లజోడు కాదు, పక్కలు మూసి ఉండే గాగుల్స్.

ఫ్లోర్ టెంపరేచర్ డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే టెంపరేచర్) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి.

పొద్దున ఎండెక్కేటప్పుడు వేయకండి, వేడికి కాంక్రీట్ చిల్లుల్లో గాలి ఉబ్బి బుడగలు పైకొస్తాయి. మధ్యాహ్నం 3 దాటాక మొదలుపెట్టండి.

తడిస్తే జారుతుంది, ఆఖరి కోటులో జారకుండా వేసే గరుకు పొడి కలపండి.

థిన్నర్ గుడ్డలు ఉండలు చేసి మూలన పడేయకండి. బయట మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

ఒంటరిగా చేయకండి. షట్టర్ బయట ఒకరు ఉండాలి, అరగంటకోసారి పిలవాలి, పలకకపోతే ఊపిరి బిగబట్టి లోపలికి పరిగెత్తకూడదు, ముందు షట్టర్ పూర్తిగా ఎత్తాలి.

తల బరువుగా అనిపిస్తే రోలర్ అక్కడే వదిలేసి బయటికి రండి. ఆ కోటు పోతే పోయింది.

వాసన పూర్తిగా పోయేదాకా గీజర్ వెలిగించకండి. వాసన పోయినా ఆ రోజు వెలిగించకండి.

కారు 7 రోజులు లోపలికి తేకండి.

గాలి బాగా వీస్తుందని, వాన పడుతుందని తెలిస్తే ఆ రోజు థిన్నర్ మూత కూడా తీయకండి. షట్టర్ తెరిచి ఉంచలేని రోజు ఈ పని పెట్టుకోకండి.