పైలట్ మంట జోలికి వెళ్లే ముందు

అమెరికాలో పాత ఇళ్లలోని గ్యాస్ వాటర్ హీటర్లకు అడుగున ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట ఉంటుంది. అద్దె ఇల్లయితే ఓనర్‌కే చెప్పండి, మీకెందుకా టెన్షన్. సొంతిల్లయితే:

- ముందు వాసన చూడండి, నేల దగ్గర కూడా. కొన్ని హీటర్లలో వాడే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు. బయటికి వెళ్లాకే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.
- మంట ఆరిపోయి ఉంటే గ్యాస్ నాబ్ ఆఫ్ చేసి, కనీసం 5 నిమిషాలు ఆగాకే వెలిగించండి. చాలామంది తొందరపడేది ఇక్కడే.
- పెట్రోలు, పెయింటు డబ్బాలు దగ్గర్లో ఉండకూడదు.
- మంట నీలంగా ఉండి థర్మోకపుల్ (మంట వేడిని పసిగట్టే చిన్న కడ్డీ) కొనను చుట్టుకోవాలి. పసుపుగా ఉంటే వెంటనే మంటను సర్దే స్క్రూ తిప్పకండి, దుమ్ము పట్టిందేమో చూడండి. అదీ హీటర్ ఆపి, చల్లారాక.
- కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం పనిచేస్తోందా?
- మాటిమాటికీ ఆరిపోతుంటే టెక్నీషియన్‌ను పిలవండి.