కొత్త మోచేయి పదేళ్లు దాటి నిలవాలంటే

మోచేయి కీలు మార్పిడి జరిగిన కొన్ని నెలలకు నొప్పి దాదాపు పోతుంది. అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. కీళ్లవాతంతో ఏళ్ల తరబడి జడ కూడా వేసుకోలేకపోయిన మనిషికి చెయ్యి హాయిగా కదలడం మొదలయ్యాక నల్లా దగ్గర బిందె ఎత్తేయాలనిపిస్తుంది. లోపలి కీలు అరుగుతున్నా మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి తెలిసేసరికి చాలాసార్లు నష్టం ముదిరిపోయి ఉంటుంది.

చెయ్యి పూర్తిగా తిన్నగా చాపడం చాలామందికి రాదు. 30 డిగ్రీల వంపు మిగిలి, 130 డిగ్రీల దాకా ముడవగలిగితే అన్నం కలుపుకొని తినడానికి, ముఖం కడుక్కోవడానికి, గుండీలు పెట్టుకోవడానికి సరిపోతుంది. ఆ చివరి 30 డిగ్రీల కోసం బలవంతంగా లాగించుకోకండి. మర్దన చేసి సాగదీస్తామనేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లకండి.

కీళ్లవాతం వల్ల మార్పిడి చేయించుకున్నవాళ్లలో నూటికి 85-90 మందికి పదేళ్ల తర్వాత కూడా అదే ఇంప్లాంట్ (లోపల పెట్టిన లోహపు కీలు) పనిచేస్తూ ఉంటుంది. పాత ఫ్రాక్చర్ వల్ల కీలు పాడై, అరవై దాటకముందే చేయించుకున్నవాళ్లలో అంత కాలం నిలవదు. లోహం ఒకటే, చేతికి పడే పని వేరు. కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎలాగూ చేతిని కాచుకుంటారు.

బరువు లెక్క కచ్చితంగా గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అయిన చేత్తో ఒకసారి ఎత్తే బరువు 5 కిలోలు దాటకూడదు. పదేపదే ఎత్తేదైతే కిలో లోపే. ఇది ఆరు నెలల పథ్యం కాదు, జీవితాంతం. ఎందుకంటే మోచేయి 90 డిగ్రీలు వంచి పట్టుకున్నప్పుడు బరువు కీలుకి 30-35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని లాగే కండరం అతుక్కున్నది కీలుకి 4-5 సెంటీమీటర్లలోనే. అందుకే అరచేతిలో 5 కిలోలుంటే కండరం దాదాపు 35 కిలోలు లాగాలి. ఆ భారమంతా ఎముకకీ ఇంప్లాంట్‌కీ మధ్య ఉన్న సిమెంట్ మీదే పడుతుంది.

ఇంట్లో వస్తువులతో చూస్తే, నిండు బకెట్ 15 కిలోల పైన, నీళ్ల క్యాన్ 20 కిలోలు, నిండు సిలిండర్ 30 కిలోల దాకా ఉంటాయి. ఇవి మూడూ వద్దు. లీటరు పాల ప్యాకెట్, చెంబు, చిన్న గిన్నె పర్వాలేదు. ఎత్తేది చిన్నదైనా మోచేయిని నడుముకి ఆనించి ఎత్తండి. చెయ్యి పక్కకి చాపి అల్మరా పైనుంచి డబ్బా దించితే కీలు పక్కకి మెలిపడుతుంది, దానికదే ఎక్కువ చెరుపు. బోనాల్లో కుండ నెత్తికెత్తడం, దించడం ఇంకొకరు చెయ్యాలి, పట్టుకోవడం మంచి చేత్తో. బస్సులో రాడ్ కూడా మంచి చేత్తోనే పట్టుకోవాలి, సడన్ బ్రేక్ వేస్తే మనిషి బరువంతా రాడ్ పట్టిన మోచేతి మీదే పడుతుంది.

నెట్టడం కూడా ఎత్తడం లాంటిదే. కుర్చీ చేతులు నొక్కి లేవడం, నేల మీద అరచెయ్యి ఆనించి లేవడం అలవాటైనవాళ్లు ముందే మానాలి. చాలా ఆపరేషన్లలో మోచేతి మొన దగ్గర ట్రైసెప్స్ కండరాన్ని (మోచేతిని చాపే వెనక కండరం) విప్పి మళ్లీ కుడతారు. మీకు విప్పారో లేదో డాక్టర్ని అడగండి. విప్పితే కనీసం 6 వారాలు ఆ చేత్తో ఏదీ నెట్టకూడదు. తర్వాత ఒక పరీక్ష: వెల్లకిలా పడుకొని చెయ్యి పైకెత్తి, మోచేయి వంచి, మళ్లీ మెల్లగా చాపండి. ముంజేయి ముఖం మీదకి వాలిపోతుంటే కుట్టు ఊడిందేమో చూపించాలి. చిటికెన వేలి తిమ్మిరి ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో కొందరికి ఉండేదే, తగ్గుతుంది. ఏళ్ల తర్వాత కొత్తగా వస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

రెండు భాగాలు బోల్టుతో కలిసే కీలైతే మధ్యలో ప్లాస్టిక్ బుష్‌లుంటాయి, బండి సస్పెన్షన్‌లో ఉన్నట్టే. వాటికి అటూ ఇటూ 7 డిగ్రీల దాకా ఆట కావాలనే ఉంచుతారు. ఏడాదికోసారి ముందునుంచి, పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి. ముందునుంచి తీసిన ఫిల్ము మీద ఇంప్లాంట్ భుజం వైపు భాగానికొక గీత, ముంజేతి భాగానికొక గీత గీస్తే, వాటి మధ్య కోణం 10 డిగ్రీలు దాటితే బుష్ అరిగినట్టు అనుమానించాలి. అప్పుడే పట్టుకుంటే బుష్ మాత్రం మార్చి ఊరుకోవచ్చు. వదిలేస్తే ప్లాస్టిక్ పొడి ఎముకని తినేసి, ఎముకల్లో దిగిన ఇంప్లాంట్ కాడలు వదులై, సిమెంటంతా తవ్వి కొత్త కాడ వేసే పెద్ద ఆపరేషన్ అవుతుంది. గాంధీలో చూపించుకున్నా నిమ్స్‌లో చూపించుకున్నా పాత ఫిల్ములన్నీ తీసుకెళ్లండి. ఒక్క ఎక్స్‌రేతో చెప్పలేనిది రెండు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. బుష్ తెప్పించాలంటే అదే ఆధారం, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇన్‌ఫెక్షన్ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకి, కీళ్లవాతం మందులు వాడేవాళ్లకి. మోచేతి మొన మీద చర్మం పల్చన, కింద లోహం. బల్ల మీద మోచేయి ఆనించే అలవాటు మానండి. అక్కడ వాపు, ఎరుపు, చీము కనిపిస్తే వీధి క్లినిక్‌లో సూదితో తీయించొద్దు, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు. రెండు మాత్రలు పడినా కల్చర్‌లో (ఏ క్రిమో తేల్చే ల్యాబ్ పరీక్ష) క్రిమి దొరక్కపోవచ్చు, ఏ మందు ఇవ్వాలో తెలియకుండా పోతుంది. ఏ మాత్రా వేసుకోకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి, ముందు నీరు తీసి కల్చర్‌కి పంపమని అడగండి.