సొంతంగా ఆల్బమ్ – మూడో పాఠం: గిటార్లు

పోయిన పాఠంలో డ్రమ్స్ ముగించాం. స్టూడియో అద్దెకు తీసుకుని డ్రమ్స్ వరకే అక్కడ కొట్టి, ట్రాకులు హార్డ్‌డిస్కులో ఇంటికి తెచ్చుకున్నారు. ఇక గిటార్లు. పాప్ పంక్‌లో (వేగంగా సాగే, పాడుకోవడానికి వీలైన రాక్ సంగీతం) పాట లేచేదీ కూలేదీ వీటి దగ్గరే కాబట్టి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

ముందుగా ఒక కాగితం పని. పెద్ద లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి బయటికొచ్చిన బ్యాండ్ అయితే పాత ఒప్పందంలో రీ-రికార్డింగ్ క్లాజు ఉందేమో చూడండి. అక్కడ విడుదలైన పాటల్ని కొన్నేళ్లదాకా మళ్లీ రికార్డు చేయకూడదని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. లేబుల్ డబ్బుతో చేసిన డెమోలు (నమూనా రికార్డింగులు) ఎవరి సొత్తో కూడా తేల్చుకోండి. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే ఐదేళ్లు, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. ఏ పాట మీదైనా అనుమానముంటే వకీలుకు చూపించేదాకా దాన్ని ముట్టుకోకండి, కొత్తది రాయండి. అమెరికా పాప్ పంక్ బ్యాండ్ ‘ఆల్ టైమ్ లో’ 2012లో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద లేబుల్‌ను వదిలి, అదే ఏడాది అక్టోబరులో హోప్‌లెస్ అనే స్వతంత్ర లేబుల్ ద్వారా ‘డోంట్ పానిక్’ ఆల్బమ్ తెచ్చింది. లేబుల్ లేని ఆ మధ్యకాలంలోనే అందులోని ఒక పాట విడుదల చేసేశారు కూడా. ఆ తొందర నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు గది. తార్నాకలోనో సైనిక్‌పురిలోనో ఫ్లాట్‌లో ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) గట్టిగా పెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు. గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పెట్టి, ఆంప్ సాఫ్ట్‌వేర్‌తో వినండి. ఆంప్ రంగు అంటని ఆ శుభ్రమైన డీఐ (నేరుగా రికార్డయిన) ట్రాకును కూడా దాచుకోండి, రేపు మంచి ఆంప్ దొరికితే దాని గుండా మళ్లీ పంపించవచ్చు. రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. గట్టిగా కొట్టినప్పుడు మీటరు మైనస్ 10 డీబీ దాటకూడదు.

జుయ్‌మని శబ్దం వస్తుంటే అది దాదాపు ఎప్పుడూ కరెంటుదే. ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. అయినా పోకపోతే కుర్చీ మెల్లగా తిప్పుతూ వినండి, సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికను పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) ఒక దిక్కున నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ దిక్కుకే కూర్చుని వాయించండి.

అసలు పాఠం డబుల్ ట్రాకింగ్. ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకు, రెండోది పూర్తిగా కుడికి పెడతాం. మొదటి టేక్‌ను (ఒకసారి వాయించి రికార్డు చేసినదాన్ని) కాపీ చేసి రెండో పక్క పెట్టకండి. రెండు పక్కలా అదే తరంగం ఉంటే చెవికి మధ్యలో ఒక్క గిటారే, కాస్త గట్టిగా వినిపిస్తుంది. దాన్ని కొద్ది మిల్లీసెకన్లు జరిపినా ఫోన్ స్పీకర్లో ధ్వని పలచబడుతుంది. వెడల్పు వచ్చేది ఇద్దరు మనుషుల్లాంటి చిన్న చిన్న తేడాల వల్లే. అందుకని రెండోసారి కూడా చేత్తోనే వాయించాలి, వీలైతే వేరే గిటార్‌తో. కోరస్‌లో డీ (D) పవర్ కార్డ్‌ను (మూల స్వరం, దాని పంచమం కలిపి మోగించేది) ఒక పక్క A తీగ ఐదో ఫ్రెట్‌లో పట్టుకుంటే, మరో పక్క లావు E తీగ పదో ఫ్రెట్‌లో పట్టుకోండి. స్వరం అదే, రంగు వేరు.

డిస్టార్షన్ (గిటార్ ధ్వనికి వచ్చే గరుకుదనం) మీరు మామూలుగా పెట్టుకునేదానికంటే తగ్గించండి. 180 బీపీఎంలో (నిమిషానికి 180 తాళాలు) ఎనిమిదో నోట్లన్నీ (తాళానికి రెండు) డౌన్ స్ట్రోక్‌లైతే, అంటే కిందికే మీటితే, సెకనుకు ఆరు దెబ్బలు. డిస్టార్షన్ ఎక్కువైతే ఆ ఆరూ కలిసిపోయి ముద్దవుతాయి, రెండు ట్రాకులు కలిశాక మరీను. ప్రతి టేక్‌కు ముందు ట్యూన్ చేయండి, అదీ పాటలో కొట్టేంత గట్టిగా మీటుతూ. తీగను గట్టిగా కొడితే మొదట స్వరం కాస్త పైకి లేస్తుంది, ట్యూనర్‌కు మెల్లగా వినిపిస్తే అబద్ధం చెబుతుంది. ఏసీ వేసిన వెంటనే ట్యూన్ చేసి లాభం లేదు, గది చల్లబడనివ్వండి.

ఒక్క మాట బలంగా చెప్పాలి. లేబుల్‌తో పాటు ‘ఇది చాలు, తర్వాతిది’ అనే మనిషి కూడా వెళ్లిపోయాడు. ఇంట్లో గంటకు అద్దె లేదు కాబట్టి ఒకే రిఫ్‌కు (పదేపదే వచ్చే గిటార్ ముక్క) టేకుల మీద టేకులు పోగుపడతాయి, పాటలో ఉన్న కోపం కాస్తా చల్లారిపోతుంది. కాబట్టి వాయించినవాళ్లు తీర్పు చెప్పకూడదు. ప్రతి పాటకూ బ్యాండ్‌లో మరొకరిని తీర్పరిగా పెట్టుకోండి. వాళ్లు కళ్లు మూసుకుని, స్క్రీన్ చూడకుండా విని, ఉంచాలో మళ్లీ కొట్టాలో అక్కడికక్కడే చెప్పాలి. ఉంచిందాన్ని తప్ప మిగతావి తుడిచేయండి. చేయి వణుకుతుంది, తుడిచేయండి.

వచ్చే పాఠం బేస్. ఆలోగా ఒక పాట కోరస్‌కు ఎడమ, కుడి ట్రాకులు పూర్తి చేసి, ఫోన్ స్పీకర్లో డ్రమ్స్‌తో కలిపి వినండి. గిటార్ మాయమవుతుంటే రెండో ట్రాకు మళ్లీ వాయించండి. స్నేర్ డ్రమ్ దెబ్బ గిటార్ కింద వినిపించకపోతే డిస్టార్షన్ ఇంకా తగ్గించండి.