గేమింగ్ పీసీలో గేమ్ ఆగి ఆగి ఆడుతోందా? వేడి వల్లో కాదో ఇలా తేల్చండి

గేమ్ మధ్యలో బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదిలితే, చాలామంది వెంటనే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే జిగురులాంటి పదార్థం) కొంటారు. తొందరపడకండి. వేడి వల్ల వచ్చే ల్యాగ్‌కు ఒక తీరు ఉంటుంది: మొదటి పది, పదిహేను నిమిషాలు గేమ్ బాగానే నడిచి, ఆ తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే బొమ్మలు, అంటే ఫ్రేమ్‌ల సంఖ్య) పడిపోతుంది. ఎఫ్‌పీఎస్ 90 చూపిస్తూనే మధ్యమధ్య కుదుపులు వస్తుంటే మాత్రం దోషం చాలావరకు వేరేచోట ఉంటుంది.

1. ముందు కొలవండి

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ ప్రోగ్రామ్‌లు వేసుకుని ఫ్రేమ్‌టైమ్‌ను (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గ్రాఫ్‌గా స్క్రీన్ మీద పెట్టుకోండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. ఆ గీత ఉన్నట్టుండి 50కో 100కో ఎగిరితే అదే మీకు కనిపించిన కుదుపు. వెనకాల హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో64 అనే ప్రోగ్రామ్‌లో సెన్సర్లు తెరిచి ఉంచి అరగంట ఆడండి. తర్వాత మ్యాగ్జిమమ్ వరుసలో ఉష్ణోగ్రతలు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కి చిప్ తన వేగం తానే తగ్గించుకోవడం) దగ్గర ‘యెస్’ పడిందా లేదా చూడండి. ఏ మార్పు చేసినా మళ్లీ అదే గేమ్‌లో అదే చోట కొలవాలి.

2. అంకెలను చదవడం

ఇంటెల్ 12 నుంచి 14వ తరం కోర్ చిప్‌లలో చాలావాటికి ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 ఎక్స్ రకాలకు 95. ఈ రైజెన్‌లు పూర్తి లోడ్‌లో 95 తాకడం ఏఎండీ డిజైనే కాబట్టి బెంచ్‌మార్క్‌లో అది చూసి కంగారు పడక్కర్లేదు. మామూలు గేమ్‌లోనే అక్కడికి చేరుతుంటే కూలర్ సంగతి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) కార్డు మామూలుగా చూపే ఉష్ణోగ్రత కన్నా 10–20 డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. తేడా 30 దాటితే పేస్ట్ ఎండిపోయిందనో, హీట్‌సింక్ సరిగా ఆనలేదనో అనుమానించాలి.

గది వేడిని మరచిపోవద్దు. 25 డిగ్రీల గదిలో 72 చూపించే కార్డు, మే నెల విజయవాడలో ఏసీ లేని 40 డిగ్రీల గదిలో అవే ఫ్యాన్ వేగాలతో 87 దరిదాపుల్లో ఉంటుంది. అది రిపేరు కాదు, ఎండాకాలం.

3. వేడే కారణమైతే

క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసి పది నిమిషాలు ఆడండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే గాలి ఆడటం లేదని అర్థం. ముందు ఫిల్టర్‌లో దుమ్ము దులపండి, ఫ్యాన్ల దిశ చూడండి. ఫ్యాన్‌లో చట్రపు కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది. ముందు ఫ్యాన్లు లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. బ్లోయర్ వాడేముందు ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

ప్యానెల్ తీసినా తేడా లేకపోతే అప్పుడు పేస్ట్. కొత్త సిస్టమ్ అయితే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో ముందు చూడండి. ఇది నవ్వులాట కాదు, తరచూ జరిగేదే. ఏఎం4 (పాత రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) బోర్డుల్లో కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడొచ్చి పిన్నులు వంగొచ్చు. కాసేపు గేమ్ నడిపి పేస్ట్ మెత్తబడ్డాక, పీసీ ఆపి ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించాలి.

4. వేడి కాకపోతే

టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ చూడండి. 3200 ర్యామ్ కొన్నా 2133 చూపిస్తుంటే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయలేదన్నమాట. ఒకే ర్యామ్ స్టిక్ ఉన్నా కుదుపులు పెరుగుతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లను సాధారణంగా ప్రాసెసర్ నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి.

8జీబీ కార్డులో గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయి ఫ్రేమ్‌టైమ్ గీత ఎగురుతుంటే గేమ్ సెట్టింగుల్లో టెక్స్చర్స్ ఒక మెట్టు తగ్గించండి, మిగతా సెట్టింగుల జోలికి వెళ్లక్కర్లేదు. కొత్త చోటికి వెళ్లినప్పుడు మాత్రమే కుదుపు వచ్చి, రెండోసారి అక్కడే రాకపోతే అది షేడర్ కంపైలేషన్ (గ్రాఫిక్స్ కోడ్‌ను మీ కార్డుకు తగ్గట్టు అప్పటికప్పుడు సిద్ధం చేయడం). అలా సిద్ధమైనవి దాచే షేడర్ క్యాష్‌ను మాటిమాటికీ డిలీట్ చేస్తే ఆ కుదుపులు మళ్లీ మొదటికొస్తాయి.

పాత బయోస్ ఉన్న రైజెన్ సిస్టమ్ అప్పుడప్పుడు శబ్దంతో సహా మొత్తం క్షణకాలం తడబడుతుంటే కారణం ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే భద్రతా ఏర్పాటు) కావచ్చు. ఏఎండీ 2022 మార్చిలో ఈ లోపాన్ని ఒప్పుకుంది. ఏజెసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 లేదా ఆ తర్వాతిది ఉన్న బయోస్ వేస్తే పోతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే బయోస్ మార్చేముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ దాచుకోండి.