నీటికాసులు: చూపు జారిపోకముందే పట్టుకోవడం, చుక్కల మందు సరిగ్గా వేసుకోవడం ఎలా?

కళ్లజోళ్ల షాపులో బోర్డు మీది ఆఖరి వరస తడుముకోకుండా చదివేస్తే కళ్లు భేషుగ్గా ఉన్నట్టేనని చాలామంది లెక్క. నీటికాసుల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. డాక్టర్లు గ్లకోమా అనే ఈ జబ్బు ముందు పక్కచూపును తినేస్తుంది, నడిమి చూపు జోలికి చిట్టచివర వస్తుంది. బోర్డు మీద 6/6 చదివిన మనిషికీ లోపల కంటినరం బాగా దెబ్బతిని ఉండొచ్చు.

లోపల జరిగేది ఇదీ. కంట్లో ఒక పల్చని ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, బయటికి కారదు. కంటిపాప గుండా ముందుకొచ్చి, నల్లగుడ్డు అంచు చుట్టూ ఉన్న జల్లెడ లాంటి దారిలోంచి రక్తంలో కలిసిపోతుంది. బందరు కాలువలో గుర్రపుడెక్క అడ్డుపడితే పైన నీటిమట్టం ఎలా లేస్తుందో, ఆ జల్లెడ పూడితే కంటి ఒత్తిడి అలా లేస్తుంది. ఆ ఒత్తిడికి కంటి వెనక నరం మొదలు నలుగుతుంది. నలిగి చచ్చిన నరం పోగు మళ్లీ మొలవదు. శుక్లాలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. శుక్లం ముదిరినా ఆపరేషన్ చేసి లెన్సు పెడితే చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయింది పోయినట్టే, మిగిలింది కాపాడుకోవడమే వైద్యం. ‘పొర ముదరనీ, చూద్దాంలే’ అని ఆగేవాళ్లు మొదట ఆ రెంటిలో తమది ఏదో తేల్చుకోవాలి.

చూపు ఎలా పోతుందంటే

నల్లటి మచ్చ కనబడుతుందేమోనని ఎదురుచూస్తే పొరపాటే. ఖాళీ పడిన చోటును మెదడు చుట్టుపక్కల బొమ్మతో పూడ్చేస్తుంది, ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. అందుకే తెలియదు. తెలిసే గుర్తులు ఇలా ఉంటాయి: మెట్ల మీద ఆఖరి మెట్టు తప్పడం, పక్కనున్న మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పడిపోవడం, విజయవాడ బీసెంట్ రోడ్డు జనంలో పక్కమనిషి భుజం తగిలాకే కనిపించడం, బండి మీద పోతుంటే పక్కసందులోంచి వచ్చిన ఆటో హఠాత్తుగా ఊడిపడ్డట్టు అనిపించడం. వెలుగులోంచి చీకటి గదిలోకి వెళ్తే కుదురుకోవడానికి ఎక్కువసేపు పట్టడం ఇంకొకటి. వీటిని వయసు మీదికి నెట్టేస్తాం. దక్షిణ భారతంలో జరిగిన పెద్ద సర్వేల్లో ఈ జబ్బు బయటపడ్డ పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అప్పటిదాకా తమకు ఉందని తెలియనివాళ్లే.

ఇంకో రకం ఉంది, అది నెమ్మదిగా రాదు. ద్రవం పోయే దారి ఒక్కసారిగా మూసుకుపోయి కన్ను ఎర్రబడుతుంది, ఆ వైపు తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, చూపు మసక, బల్బు చుట్టూ రంగుల వలయాలు. వాంతులు చూసి గ్యాస్ అనో, తలనొప్పి చూసి మైగ్రేన్ అనో మాత్ర వేసి పడుకోబెట్టడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. తెల్లవారేదాకా ఆగొద్దు. గంటలు గడిచేకొద్దీ నరం పోతుంటుంది, ఆ రాత్రే కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

1. మీకు పరీక్ష అవసరమా?

నలభై దాటినవాళ్లందరూ ఒక్కసారైనా చేయించుకోవాలి. అమ్మానాన్నల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఎవరికైనా నీటికాసులు ఉంటే నలభై దాకా కూడా ఆగకండి. షుగరు ఉన్నవాళ్లు, ఎక్కువ మైనస్ పవర్ లేదా ప్లస్ పవర్ అద్దాలవాళ్లు, ఎప్పుడో కంటికి బంతి తగిలినవాళ్లు కూడా ఈ జాబితాలోనే.

అందరూ మర్చిపోయేది స్టెరాయిడ్. మన ఎండకూ దుమ్ముకూ పిల్లల కళ్లు దురదపెట్టి ఎర్రబడతాయి. ఒకసారి డాక్టరు రాసిన చుక్కలు రెండ్రోజుల్లో హాయిగా పనిచేస్తాయి. ఇక ప్రతి వేసవిలో ఖాళీ సీసా పట్టుకెళ్లి మందుల షాపులో అదే తెస్తారు. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లు కనబడితే అది స్టెరాయిడ్. నెలల తరబడి వేస్తే కొందరిలో కంటి ఒత్తిడి బాగా పెరిగి, పదేళ్ల పిల్లాడికీ నీటికాసులు తెచ్చిపెడుతుంది. ఉబ్బసానికి, చర్మవ్యాధులకు, కీళ్లనొప్పులకు స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడేవాళ్లూ ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పాలి.

2. ఏ పరీక్షలు అడగాలి, ఎలా సిద్ధపడాలి?

అద్దాల పవర్ చూసే పరీక్ష చాలదు. గుంటూరు, విజయవాడల్లో ప్రభుత్వ ఆసుపత్రుల కంటి విభాగాలున్నాయి, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా ‘నీటికాసుల పరీక్ష మొత్తం చేయండి’ అని నోరు తెరిచి అడగండి. అందులో ఇవి ఉండాలి.

కంటి ఒత్తిడి: మామూలుగా 10 నుంచి 21 మి.మీ. (పాదరసం కొలత) దాకా ఉంటుంది. గాలి ఊది కొలిచేది మొదటి వడపోతకు పనికొస్తుంది. తిమ్మిరి చుక్క వేసి, నల్లగుడ్డుకు పరికరం ఆనించి కొలిచేది నమ్మదగ్గది. బీపీ బాగుంది కాబట్టి కంటి ప్రెషరూ బాగుంటుందనుకోవద్దు, రెండూ వేరు. నల్లగుడ్డు పైపొర పల్చగా ఉన్నవాళ్లకు అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ మందం కూడా కొలుస్తారు. అయితే 18 దగ్గర కూడా నరం దెబ్బతినేవాళ్లు ఉంటారు, 24 దగ్గర ఏమీ కానివాళ్లూ ఉంటారు. ఒక్క అంకె చూసి సంబరపడటం, బెంబేలెత్తడం రెండూ వద్దు.

గోనియోస్కోపీ: ద్రవం పోయే దారి తెరిచి ఉందా, మూసుకుపోతోందా అని చిన్న అద్దం లెన్సు ఆనించి చూడటం. తీరిక లేదని దీన్ని దాటేస్తుంటారు. మొత్తం వైద్యం దీని మీదే ఆధారపడుతుంది కనక దాటనివ్వకండి.

నరం పరీక్ష: పాప పెద్దదయ్యే చుక్కలు వేసి వెనక నరాన్ని చూస్తారు, నరం పోగుల మందం కొలిచే ఓసీటీ స్కాన్ తీస్తారు. ఆ చుక్కలకు నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు పొడుస్తుంది. బండి మీద వెళ్లకండి, చలవ కళ్లద్దాలు, తోడుగా ఒకరు ఉండాలి.

ఫీల్డ్ టెస్ట్: పక్కచూపు ఎంత మిగిలిందో చూసే పరీక్ష. గిన్నెలాంటి తెర ముందు గడ్డం ఆనించి కూర్చుంటే, చుట్టూ చిన్న చిన్న వెలుగులు మెరుస్తాయి. కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఒక్కో కంటికి ఐదు నుంచి పది నిమిషాలు. ఇక్కడ చాలామంది వెలుగును వెతుకుతూ కన్ను తిప్పుతారు, దాంతో రిపోర్టు పాడవుతుంది. నడుమ చుక్క మీదే చూపు నిలపండి, రెప్ప మామూలుగా వేయండి. సగం వెలుగులు అసలు కనబడనంత మసకగా ఉంటాయి, అది పరీక్ష తీరు, కంగారుపడొద్దు. కడుపు మాడ్చుకుని వెళ్లొద్దు. మొదటిసారి తీసింది తరచూ సరిగ్గా రాదు, మళ్లీ తీద్దామంటే అది డబ్బు గుంజడం కాదు.

రిపోర్టులన్నీ తేదీ వరసలో ఒక ఫైల్లో పెట్టండి. ఒక రిపోర్టు కన్నా ఏటేటా వచ్చిన తేడానే డాక్టరు ముఖ్యంగా చూస్తారు.

3. చుక్క వేసుకునే పద్ధతి

జబ్బు ఉందని తేలితే కంటి ఒత్తిడి దించే చుక్కలు రాస్తారు. అవి వేసుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మిర్చి యార్డులోనో, తొడిమలు తీసే పనిలోనో చేసేవాళ్లు రెండుసార్లు కడగాలి. మిరపఘాటు వేళ్లకు అంటుకునే ఉంటుంది.

తల వెనక్కి వాల్చండి, పడుకుంటే ఇంకా మేలు. కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. పైకి చూస్తూ, సీసా మొన కంటికీ రెప్పకూ తగలకుండా అందులో ఒక్క చుక్క వేయండి. రెండు వద్దు. ఆ సంచిలో ఒక చుక్కకే చోటు చాలదు, రెండోది చెంప మీదికి కారిపోతుంది. చెయ్యి వణికేవాళ్లు సీసా పట్టిన చేతిని నుదుటికి ఆనించుకోండి.

చుక్క పడగానే కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. గొంతులో చేదు తగిలిందంటే మందు ఆ మూలనుంచి ముక్కులోకి దిగిందన్నమాట. అలా దిగింది కంటికి పనిచేయదు సరికదా, రక్తంలో కలుస్తుంది. టపటపా రెప్పలు కొట్టడం కూడా అందుకే వద్దు. రెండో మందు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేదంటే మొదటిదాన్ని అది కడిగేస్తుంది.

రాత్రికి ఒకసారి వేసే లాటానోప్రోస్ట్ 2.5 మి.లీ. సీసాలో సుమారు డెబ్బై, ఎనభై చుక్కలుంటాయి. రెండు కళ్లకూ వేస్తే నెలకు కాస్త పైన రావాలి. పదిహేను రోజులకే అయిపోతే చుక్కలు చెంపల పాలవుతున్నాయని, రెండు నెలలు వస్తే పూటలు తప్పుతున్నాయని అర్థం. సీల్ తీసిన తేదీ సీసా మీద రాయండి. నాలుగు వారాలు దాటితే, కొన్ని కంపెనీలవి ఆరు వారాలు దాటితే, పారేయాలి. సీల్ తీయని లాటానోప్రోస్ట్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. తెరిచాక 25 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మన ఇళ్లలో అది కలలోని మాట కాబట్టి ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంచండి.

4. ఎక్కడ తేడా కొడుతుంది?

‘మంట లేదు, నొప్పి లేదు, చూపూ పెరగలేదు, ఇంకెందుకు’ అని సీసా అయిపోగానే మానేస్తారు. చుక్కలు చూపు పెంచడానికి కాదు. మానేస్తే ఒత్తిడి మళ్లీ పాత అంకెకు వస్తుంది, మనకు మాత్రం ఏమీ తెలియదు. పరీక్షకు వెళ్లేముందు నాలుగు రోజులు శ్రద్ధగా వేసుకుని వెళ్లడం మరీ చేటు. అంకె బాగుందని డాక్టరు మోసపోతారు, నరం అరుగుతూనే ఉంటుంది. తప్పినవి తప్పినట్టు చెప్పండి.

టిమొలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవాళ్లకు, నాడి మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు ప్రమాదం. ‘కంటి చుక్కే కదా’ అని ఆ జబ్బులు దాచొద్దు. లాటానోప్రోస్ట్‌కు కళ్లు కాస్త ఎర్రబడటం, రెప్పవెంట్రుకలు పొడవవడం, రెప్పల రంగు ముదరడం మామూలే. బ్రిమోనిడిన్‌తో మగత, నోరెండటం ఉండొచ్చు, అలర్జీతో కళ్లు దురదపెట్టొచ్చు. అసిటజోలమైడ్ మాత్రలకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. పడకపోతే మార్చమని అడగండి, సొంతంగా ఆపకండి.

శీర్షాసనం మానేయండి, తలకిందులుగా ఉన్నంతసేపు కంటి ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది. పొద్దున్నే రాగిచెంబుతో లీటరు నీళ్లు గడగడా తాగే అలవాటుంటే, అవే నీళ్లు గంటసేపట్లో కొంచెం కొంచెంగా తాగండి. తేనె, మూలికల రసాలు కంట్లో పోయకండి. ఒత్తిడి దించవు, పుండు పడే ప్రమాదం ఉంది. చుక్కలతో ఒత్తిడి దిగకపోతే లేజర్, అదీ చాలకపోతే ఆపరేషన్ చెబుతారు. ఆపరేషన్ తర్వాత చూపు పెరగలేదని నిరాశపడేవాళ్లున్నారు. ఒత్తిడి దిగిందా, ఫీల్డ్ నిలబడిందా అన్నదే అక్కడ చూడాల్సింది.

జబ్బు ఉందని తేలిన రోజే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఫోను చేయండి. తెనాలిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, ‘మా ఇంట్లో గ్లకోమా ఉంది’ అన్న ఒక్క మాట వాళ్లు కంటి డాక్టరు దగ్గర చెబితే చాలు, అద్దాల పవర్‌తో ఆపకుండా నరం దాకా చూస్తారు.