ఉద్యోగం పోతే ఈఎస్‌ఐ నుంచి నిరుద్యోగ భృతి తీసుకోవడం ఎలా?

జీతంలోంచి నెలనెలా ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత పడే చాలామంది అది ఆస్పత్రి కోసమే అనుకుంటారు. పని పోతే 90 రోజుల దాకా సగటు వేతనంలో సగం ఇచ్చే పథకం కూడా అందులోనే ఉంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న మొదలైనప్పుడు పావు వంతే ఇచ్చేవారు. 2020 మార్చి 24 నుంచి సగం చేశారు. గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందుగా 1800 11 2526 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

మొదటి పని: రాజీనామా రాసివ్వకండి

మనుషుల్ని తగ్గించుకునేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు "రిజైన్ చేసెయ్యండి, రిలీవింగ్ లెటర్ బాగా ఇస్తాం" అంటారు. తొందరపడొద్దు. రిటైర్ అయినవారికి, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసినవారికి, క్రమశిక్షణ చర్య కింద పోయినవారికి ఈ భృతి లేదు. రాజీనామా చేతికొచ్చాక "తనే మానేశాడు" అని కంపెనీ చెబితే కాదనడానికి మీ దగ్గర కాగితం ఉండదు. తీసేస్తున్నట్టు లెటర్ అడగండి, ఈమెయిల్‌లో అయినా సరే. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని తొలగిస్తే నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. రాజీనామా చేస్తే అదీ చేజారుతుంది.

ఆఖరి నెల చందా వివరాలు పంపేటప్పుడు యజమాని ఈఎస్‌ఐ పోర్టల్‌లో కారణం ఎంచుకుంటాడు. "సర్వీసు వదిలాడు", "రిట్రెంచ్‌మెంట్" (సిబ్బంది తగ్గింపులో తొలగింపు), "పని లేదు" అన్నవి అందులో వేర్వేరు. ఏది పెట్టారో అకౌంట్స్ వాళ్లను అప్పుడే అడగండి.

రెండో పని: రోజులు లెక్కపెట్టుకోవడం

పని పోవడానికి ముందు కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ కింద ఉండాలి. చందా కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. పని పోయిన కాలానికి ముందు కాలంలో 78 రోజులకు చందా పడి ఉండాలి. దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలోనూ 78 ఉండాలి. 2025 జూలై 10న పని పోయిందనుకుందాం. 2024 అక్టోబరు–2025 మార్చిలో 78 రోజులు తప్పనిసరి. రెండో 78 కోసం 2023 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్లొచ్చు.

ఈ లెక్క ఈఎస్‌ఐ వెబ్‌సైట్‌లో మీ బీమా నంబరుతో లాగిన్ అయితే కనిపిస్తుంది. పేస్లిప్‌లో కోత ఉన్నా ఇక్కడ రోజులు తక్కువగా ఉంటే పేస్లిప్‌లు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి. నెలకు 21,000 వేతన పరిమితి దాటి ఈఎస్‌ఐ నుంచి బయటకు వచ్చినవారికి, ఆ తర్వాత ఉద్యోగం పోతే ఈ భృతి రాదు.

ఎంత వస్తుంది?

నాలుగు చందా కాలాల్లో వచ్చిన మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. అందులో సగం రోజు భృతి. నెలకు 15,000 చొప్పున 24 నెలలూ వస్తే 3,60,000; రోజుకు సగటు 493, సగం 246 పైచిలుకు, 90 రోజులకు దాదాపు 22,190. అదే జీతంతో 18 నెలలే చందా పడితే భాగహారం 730తోనే, అందుకే దాదాపు 16,640కి తగ్గుతుంది. ఖాళీ నెలలు ఇలా దెబ్బతీస్తాయి. ఈ 90 రోజులు జన్మకోసారే. భృతి తీసుకునే కాలంలో ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది.

దరఖాస్తు

పని పోయిన 30 రోజులకు అర్హత వస్తుంది. ముందుగానే రాబోయే రోజులకు క్లెయిమ్ పెట్టనివ్వరు. ఏడాది దాటనివ్వకండి. యజమాని ద్వారా పంపాల్సిన పని లేదు, మీరే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఆధార్, బ్యాంకు వివరాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ చేయలేకపోతే క్లెయిమ్ ప్రింటు తీసి, సంతకం పెట్టి, జిరాక్స్‌లతో బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. 2020 నవంబరులో అఫిడవిట్ నిబంధన తీసేశారు, కాబట్టి ఎవరైనా స్టాంపు పేపరు తెమ్మంటే ఆ సంగతి గుర్తుచేయండి.

ఎక్కడ ఆగిపోతుంది?

మన దగ్గర తరచూ తేడా వచ్చేది ఐఎఫ్‌ఎస్‌సీ, అంటే బ్యాంకు శాఖ కోడ్. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్ చూసి ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్ వేస్తే డబ్బు పడదు. యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్ వేయాలి. సిండికేట్ బ్యాంకు ఖాతాలకూ ఇదే జాగ్రత్త: అది కెనరాలో కలిసింది.

ఇంకోటి, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త బీమా నంబరు తీయడం. చందా రెండు నంబర్లకు చీలిపోయి ఎందులోనూ రెండేళ్లు కనిపించవు. రెండూ కలపమని బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకున్నాకే క్లెయిమ్ పెట్టండి. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

ఫ్యాక్టరీయే మూతపడితే

మిల్లు మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ అయినా 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన మేలు: మొదటి 12 నెలలు వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు. ఉద్యోగంతో సంబంధం లేని ప్రమాదంలో కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చి పని పోయినా వర్తిస్తుంది. కొత్త పని నేర్చుకుంటే శిక్షణ ఫీజు, ప్రయాణ ఖర్చు కూడా ఈఎస్‌ఐ భరిస్తుంది. దీన్ని అడిగేవాళ్లే తక్కువ. ఒకే కాలానికి రెండు పథకాల డబ్బూ రాదు. అందుకే ఏది ఎక్కువ వస్తుందో లెక్కేసి దానికే పెట్టండి.

కొత్త ఉద్యోగం దొరికితే చేరిన తేదీ బ్రాంచి ఆఫీసుకు చెప్పి, కొత్త యజమానికి పాత బీమా నంబరే ఇవ్వండి.